జైలు గేటు బయట మొదటి తొంభై రోజులు: నెల్లూరు నుంచి ఒక కేసు

ఈ కేసులోని మనిషికి విడుదలయ్యేనాటికి 34 ఏళ్లు. విడవలూరు మండలం వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాడు. యానాదుల కుటుంబం. ఒక రాత్రి గుంట గట్టు మీద తాగిన మత్తులో తోటి కాపలాదారుతో గొడవ పడ్డాడు. కర్ర దెబ్బ తలకు తగిలి అవతలి మనిషి చనిపోయాడు. ఐపీసీ 304 రెండో భాగం కింద ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష, 5,000 రూపాయల జరిమానా, అది కట్టకపోతే మరో ఆరు నెలల సాధారణ శిక్ష పడ్డాయి. శిక్ష అంతా చెముడుగుంటలో ఉన్న నెల్లూరు కేంద్ర కారాగారంలో గడిచింది. చనిపోయినవాడిదీ ఇతనిదీ ఒకే కాలనీ. ఇతని భార్య ఇద్దరు పిల్లల్ని తీసుకుని ముత్తుకూరు దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది.

పేరు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు ఒకటి రెండు మార్చాం. అతనికి సాయపడిన మా క్రైస్తవ సంఘంలో అందరూ తమ్ముడు అనే పిలిచారు కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. తమ్ముడు నిలదొక్కుకోవడానికి ఎక్కువ సాయపడింది క్రైస్తవ సంఘమే. అతనికి అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది కూడా సంఘం చేతిలోనే. రెండూ పూర్తిగా రాస్తేనే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఉపయోగం.

ఎవరు ఏ పని

మొత్తం ఏడుగురు. ఇద్దరు జతగా జైలుకు వెళ్లారు. ఒక అక్క భార్య వైపు పని చూసుకుంది. ఒకరు లెక్కలు రాశారు. అయ్యగారు, అంటే సంఘం పాస్టరు, వాక్యం, ప్రార్థన చూసుకున్నారు. మిగతా ఇద్దరు వేరే సంఘంవాళ్లు, చనిపోయినవాడి ఇంటికి మాత్రమే వెళ్లేవాళ్లు. వీళ్లు తమ్ముడిని ఒక్కసారి కూడా కలవలేదు, కలవకూడదనే నియమం పెట్టుకున్నాం.

అయ్యగారి చేతికి డబ్బు ఇవ్వలేదు. ఇది ఆయన మీద నమ్మకం లేక కాదు. ప్రార్థన చేసే మనిషీ అద్దె కట్టే మనిషీ ఒకరే అయితే, నిన్న రాత్రి తాగానని చెప్పుకోవడానికి తమ్ముడికి మనిషి మిగలడు.

విడుదలకు ముందు ఐదు నెలలు

సూపరింటెండెంట్ అనుమతితో పదిహేను రోజులకొకసారి వెళ్లాం. మొదటి రెండుసార్లు బైబిలు చదవడం, మాట్లాడటం అంతే. మూడోసారి ఒక కాగితం తీసి అడిగాం: ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది, దానికి లింకైన ఫోన్ నంబరు ఇంకా పనిచేస్తుందా, బ్యాంకు పుస్తకం ఎక్కడ, వాడుతున్న మందులేమిటి, బయట ఎవరికి ఎంత బాకీ, ఇంకో కేసు ఏదైనా పెండింగ్ ఉందా, జరిమానా కట్టారా, ఏ ఊరు వెళితే గొడవ.

పెండింగ్ కేసు సంగతి ముందే తెలియకపోతే ప్రమాదం. ఎక్కడో మరిచిపోయిన కేసులో పీటీ వారంటు (జైల్లో ఉన్న మనిషిని ఆ కేసు కోర్టుకు తీసుకురమ్మనే ఉత్తర్వు) ఉంటే గేటు బయటికి రాకుండానే మళ్లీ తీసుకుపోతారు. వచ్చినవాళ్లు తెచ్చిన అన్నం క్యారేజీతో వెనక్కి తిరగాలి. తమ్ముడికి అలాంటిది లేదు.

జరిమానా మాత్రం కట్టలేదు. వకీలు కట్టేశాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, ఇంట్లోవాళ్లు కట్టారని ఇతను అనుకున్నాడు. 5,000 రూపాయల కోసం ఆరు నెలలు అదనంగా ఉండాల్సి వచ్చేది. పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన పథకం ఒకటుంది. మొదట పెట్టిన నియమాల ప్రకారం జరిమానా కట్టలేని శిక్షపడ్డ ఖైదీకి 25,000 వరకు, పూచీకత్తు ఇవ్వలేని విచారణ ఖైదీకి 40,000 వరకు ఇచ్చేవాళ్లు. ప్రతి జిల్లాలో దానికి ఒక కమిటీ ఉంటుంది. జైలు నుంచి గానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి గానీ ఫైలు కదలాలి. కట్టలేదని తేలేసరికి మా దగ్గర రెండు నెలలే మిగిలాయి, ఫైలు తిరిగి వచ్చేలోపు తేదీ దాటిపోతుందనిపించింది. సంఘమే న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన వకీలు ద్వారా కోర్టులో కట్టించి, రసీదు నకలు జైల్లో ఇచ్చింది. ఇదే ప్రశ్న మొదటి ములాఖత్‌లోనే అడిగి ఉంటే ఆ డబ్బు పథకం నుంచి వచ్చేది. న్యాయ సేవల ఉచిత నంబరు 15100, దాన్ని ప్రతి ఖైదీ ఇంట్లోవాళ్లకూ రాసివ్వాలి.

బాప్తిస్మం సంగతి. తమ్ముడు జైల్లోనే అడిగాడు. బయటికి వచ్చి ఆరు నెలలు గడిచాక మాట్లాడదామని అయ్యగారు చెప్పారు. సాయం చేసేవాళ్ల మాట కాదనలేక తీసుకున్న బాప్తిస్మానికీ, మనసారా తీసుకున్నదానికీ తేడా తెలియాలంటే సాయం అవసరం తగ్గేదాకా ఆగాలి. దీనికి చట్టం వైపు కూడా ఒక కోణం ఉంది. యానాదులు, ఎరుకలు షెడ్యూల్డు తెగలు కాబట్టి క్రైస్తవులైనంత మాత్రాన ఆ హోదా పోదు. షెడ్యూల్డు కులాలకు అలా కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. పిల్లల హాస్టలు సీటు, కార్పొరేషన్ లోను దాకా ఇది తగులుతుంది. ఈ మాట బాప్తిస్మానికి ముందు మనిషికి విడమరిచి చెప్పని సేవకుడు అతనికి అన్యాయం చేసినట్టే.

గేటు రోజు

తమ్ముడి కోరిక ఒకటే: "అన్నా, గేటు కాడికి ఎక్కువమంది రాబాకండి." ఇద్దరే వెళ్లారు. దండ లేదు, ఫొటో లేదు, సంఘం పేరు రాసిన వ్యాను లేదు. సంచిలో రెండు లుంగీలు, రెండు చొక్కాలు, తువ్వాలు, చెప్పులు, కీప్యాడ్ ఫోను, 500 రూపాయలు చిల్లరగా పెట్టాం. జైలు ఆసుపత్రి కాగితాల నకలు, విడుదల పత్రం అక్కడికక్కడే మూడు జిరాక్సులు తీయించాం. టీబీ మందులు వాడుతున్న మనిషైతే నిక్షయ్ నంబరు (టీబీ రోగికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుని ఆ వారంలోనే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి మార్పించాలి. కోర్సు మధ్యలో తెగిపోయేది ఎక్కువగా ఇలా జైలు నుంచి ఇంటికి వచ్చే సందులోనే.

సొంత కాలనీకి తీసుకెళ్లలేదు. స్టోన్‌హౌస్‌పేటలో నెలకు 3,000కు ఒక గది ముందే మాట్లాడాం. ఇంటి ఓనరుకు నిజం చెప్పి తీసుకున్నాం. చెబితే మూడిళ్లవాళ్లు వద్దన్నారు, నాలుగో ఇల్లు దొరికింది. దాచి తీసుకున్న గది నెల తిరక్కుండానే ఖాళీ చేయాల్సి వస్తుంది. ఎవరో ఒకరు వచ్చి చెబుతారు.

కాగితాల వరస

వరస తప్పితే ప్రతి ఆఫీసూ ఇంకో ఆఫీసుకు పొమ్మంటుంది. ముందు సిమ్ము, అది వేలిముద్రతో దొరుకుతుంది. తర్వాత ఆధార్ కేంద్రంలో ఆ నంబరు లింకు చేయించాలి. అప్పటికి ఫోన్ నంబరు మార్పు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో జరిగేది కాదు, మనిషి స్వయంగా వెళ్లాల్సి వచ్చేది. జైల్లో చేసిన వడ్రంగం పనితో తమ్ముడి వేళ్లు అరిగిపోయి రెండుసార్లు ముద్ర పడలేదు. ముందురోజు రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున సబ్బుతో కడుక్కుని వెళితే మూడోసారి పడింది. ఆ తర్వాత బ్యాంకు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. దాన్ని లేపడానికి కేవైసీ కాగితాలు చాలు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అందుకు ఛార్జీ తీసుకోకూడదు, అలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్సు లేదని జరిమానా కూడా వేయకూడదు. కౌంటరు దగ్గర కొత్త ఖాతా తెరవమని చెబుతారు, ఒప్పుకోకూడదు. జైలు కూలి డబ్బు పాత ఖాతాలోనే ఉంది. చివరగా సచివాలయంలో రైసు కార్డు.

ఓటు గురించి తమ్ముడు అడగలేదు, ఇక జన్మలో ఉండదనుకున్నాడు. జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయడానికి లేదు, బయటికి వస్తే ఉంటుంది. పేరు తీసేసి ఉంటే ఫారం 6 పెట్టాలి. ఓటు కార్డు చేతికొచ్చిన రోజు అతను దాన్ని సంచిలో పెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు.

పని, డబ్బు

జైల్లో నేర్చుకున్న వడ్రంగమే తిండి పెట్టింది. సంఘంలో ఒకరికి తెలిసిన మేస్త్రీ దగ్గర రోజుకు 600. మేస్త్రీకి తమ్ముడి ఎదుటే మూడు మాటలు చెప్పాం: ఏ సెక్షను, శిక్ష పూర్తయింది, వేరే కేసు లేదు. గొడవ ఎలా జరిగిందో చెప్పలేదు, అడిగితే అతన్నే అడగమన్నాం. మేస్త్రీ అడగలేదు.

రెండో వారంలో మేస్త్రీ మంచి మనసుతోనే 20,000 అడ్వాన్సు ఇస్తానన్నాడు. వద్దని చెప్పించాం. గుంటల మీద కాపలా కుటుంబాలు ఏళ్ల తరబడి కదలలేకపోయేది ఇలాంటి అడ్వాన్సులతోనే, తమ్ముడి తండ్రి బతుకంతా అలాగే పోయింది. ఆరు నెలల దాకా ఎవరి దగ్గరా బాకీ వద్దని మాట తీసుకున్నాం.

తొంభై రోజుల ఖర్చు ఇలా వచ్చింది: జరిమానా 5,000, గది అడ్వాన్సు 6,000, మూడు నెలల అద్దె 9,000, పనిముట్లు 7,400, ఫోను 1,400, మొదటి నెల బియ్యం సరుకులు 3,200, ఆటో బస్సు ఖర్చులు 1,800. మొత్తం 33,800. పనిముట్లు మాత్రం అప్పుగా ఇచ్చాం. రంపం, చిత్రిక, ఉలులు అతనే కొట్టుకు వెళ్లి ఏరుకున్నాడు. ఎనిమిదో వారం నుంచి వారానికి 500 చొప్పున పదిహేను వారాల్లో తీర్చాడు. మిగతాది తిరిగి ఇమ్మని అడగలేదు, అది అప్పు కాదని మొదటి రోజే రాసి చూపించాం.

హాజరు పుస్తకం ఎందుకు పెట్టలేదంటే

ఆదివారం ఆరాధనకు రాకపోతే అద్దె ఆపాలా అని సంఘం పెద్దల్లో ఒకరు అడిగారు. అడగడం తప్పు కాదు. కానీ ఈ జిల్లాలో ఆ దారి ఒకసారి నడిచి చూశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశాక, కావలిలో ఎరుకల కోసం సెటిల్మెంటు పెట్టి దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనుకు అప్పజెప్పారు. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాన్ని నడిపాడు. పని నేర్పారు, బడి పెట్టారు, ఆ మేలు కాదనలేం. కానీ పేర్లు పిలిచి హాజరు వేయడం, అనుమతి లేకుండా కదలనివ్వకపోవడం అనే చట్టం నీడలోనే సువార్త కూడా చెప్పారు. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. అయినా దొరగారి గుడి అంటే కాపలా అనే జ్ఞాపకం ఎరుకల, యానాదుల ఇళ్లలో ఇంకా ఉంది. తమ్ముడి విషయంలో సాయానికీ ఆరాధనకూ ముడి పెట్టలేదు. మొదటి మూడు నెలల్లో అతను గుడికి వచ్చింది ఐదు ఆదివారాలే. అద్దె మూడు నెలలూ కట్టాం.

దాని బదులు శనివారం రాత్రి భోజనం పెట్టుకున్నాం. సాయంత్రం ఆరున్నరకు సంఘంలో ఎవరో ఒకరి ఇంట్లో, వారానికొక ఇల్లు. వాక్యం ఉండదు, తినేముందు ప్రార్థన ఒక్కటే. శనివారమే ఎందుకంటే కూలి ఇచ్చేది ఆరోజు. మేస్త్రీ కూలి చేతికివ్వకుండా సగం భార్య ఖాతాకు ఫోన్‌పే చేసేవాడు, తమ్ముడు ఒప్పుకునే. మిగతా సగం జేబులో ఉన్న మనిషి ఆ సాయంత్రం రెండు గంటలు ఎక్కడున్నాడన్నదే అసలు సంగతి.

ఐదో వారం అతను భోజనానికి రాలేదు. బెల్టు షాపు దగ్గర కనిపించాడని తెలిసింది. ఆ రాత్రి ఎవరూ వెళ్లలేదు, తాగిన మనిషితో మాట్లాడితే ఇద్దరికీ నోరు జారుతుంది. మర్నాడు పొద్దున ఆరుగంటలకు జతలో ఒకరు ఇడ్లీ తీసుకుని వెళ్లారు. సోమవారం పనికి రాలేనని మేస్త్రీకి తమ్ముడి చేతే ఫోన్ చేయించారు, జ్వరమని అబద్ధం చెప్పనివ్వలేదు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పాలా అన్నది కష్టమైన ప్రశ్న. అక్క ఆమెనే ముందే అడిగి పెట్టింది, తాగితే చెప్పమంది ఆమె. చెప్పాం. ఆమె పొదుపు గ్రూపు ఆడవాళ్లు ఇద్దరు వచ్చి తమ్ముడితో గట్టిగా మాట్లాడి వెళ్లారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన జిల్లా ఇది, తాగుడు గురించి మాట్లాడే హక్కు వాళ్లకున్నట్టు పెద్దలకెవరికీ లేదు. తర్వాత పద్నాలుగు నెలల్లో ఇంకోసారి తాగాడు, సంక్రాంతికి.

మైకు

ఏడో వారంలో జరిగింది ఇది. విడవలూరు మండలంలోనే ఒక ఊళ్లో మూడు రాత్రుల ఉజ్జీవ సభలు. అక్కడి పాస్టరు గారు తమ్ముడిని సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడి వల్ల తన బతుకు ఎలా మారిందో అందరి ముందు చెప్పమని పిలిచారు. మాకు ముందురోజు తెలిసింది. వద్దని గట్టిగా చెప్పకపోవడం మా తప్పు, మంచిదే కదా అనుకున్నాం.

తమ్ముడు వేదికెక్కి ఐదు నిమిషాలు మాట్లాడాడు. నేను ఒక మనిషిని చంపాను, దేవుడు నన్ను క్షమించాడు అన్నాడు. జనం హల్లెలూయ అన్నారు, చప్పట్లు కొట్టారు. వేపచెట్టుకు కట్టిన మైకు పొలాల మీదుగా అతని సొంత కాలనీ దాకా వినిపించింది. చనిపోయినవాడి తల్లి అప్పుడు వాకిట్లో పొయ్యి దగ్గర ఉంది. కొడుకును చంపానన్న మాట, దాని వెనకే వందలమంది చప్పట్లు ఆమె చెవిన పడ్డాయి.

రెండు రోజుల తర్వాత ఆమె బంధువులు పెద్దమనుషుల దగ్గర కూర్చున్నారు. పోలీసుల దాకా పోలేదు. తమ్ముడు ఆ మండలంలో అడుగు పెట్టనని ఒప్పుకున్నాడు. సభ వీడియో యూట్యూబులో పదకొండు రోజులుంది, పేరూ ఊరూ సహా. తీయించడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. మేస్త్రీ కొట్లో పనిచేసే కుర్రాళ్లు అది చూశారు. తమ్ముడు తొమ్మిది రోజులు పనికి వెళ్లలేదు.

జైలు సేవలో సాక్ష్యానికి పెద్ద పేరుంది. అమెరికాలో నిక్సన్ దగ్గర పనిచేసిన ఛార్లెస్ కోల్సన్ వాటర్‌గేట్ వ్యవహారంలో ఏడు నెలలు జైల్లో గడిపి, 1976లో ప్రిజన్ ఫెలోషిప్ మొదలుపెట్టాడు. తన కథ ఊరూరా చెప్పుకున్నాడు, ఎందరికో మేలైంది. అయితే ఆయన నేరంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి మైకు వినిపించే దూరంలో లేదు. మాకు దగ్గరైన నమూనా పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరం. ఇరవై ఐదు వచనాలే. ఇంట్లో కూడే సంఘానికి కూడా కలిపి రాసిన ఉత్తరం అది. ఫిలేమోను దాసుడైన ఒనేసిమును మళ్లీ చేర్చుకోమని రాసిన ఆ ఉత్తరంలో, ఒనేసిము చేసిన తప్పేమిటో పౌలు విప్పి చెప్పడు. నష్టం ఏమన్నా ఉంటే తన లెక్కలో వేసుకోమంటాడు.

ఇప్పుడు ఈ పనిలో ఎవరు చేరినా మొదట సంతకం పెట్టే నియమం: కనీసం ఏడాది దాకా వేదిక లేదు, వీడియో లేదు, సేవా నివేదికలో ఫొటో లేదు. ప్రార్థన మనవుల్లో కూడా నేరం ప్రస్తావన రాకూడదు. ఏడాది తర్వాత కూడా, నష్టపోయిన కుటుంబం ఉన్న మండలంలో చెప్పకూడదు.

ఆ ఇల్లు

చనిపోయినవాడి తల్లి దగ్గరికి వెళ్లే ఇద్దరూ తాము ఎవరో, తమ్ముడికి సాయపడే సంఘంతో మాట్లాడుతుంటామన్న సంగతీ మొదటి రోజే చెప్పారు. దాచి వెళ్లి ఉంటే మైకు సంఘటన తర్వాత ఆ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అప్పుడు ఆమె అన్న మాట: "వాడి మొగం నాకు చూపియ్యబాకండి. మీరు రావాలంటే రాండి."

తమ్ముడు ఆమెకు క్షమాపణ ఉత్తరం రాశాడు. అది లెక్కల మనిషి బీరువాలో ఉంది. ఆమె అడిగితే ఇస్తాం, అడగమని అనం. నేరం వల్ల నష్టపోయిన కుటుంబానికి పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకునే వీలుందని ఆమెకెవరూ చెప్పలేదు. ఆ అర్జీ పెట్టించాం. ఎస్టీలకు యాభై ఏళ్లకే వృద్ధాప్య పింఛను, నెలకు 4,000. ఆధార్‌లో వయసు తక్కువగా పడి ఆమెకు రాలేదు. వయసు సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. పింఛను అర్జీ ఇంకా సచివాలయంలోనే ఉంది.

పద్నాలుగో నెల నాటికి తమ్ముడు అదే మేస్త్రీ దగ్గర రోజుకు 750కి పనిచేస్తున్నాడు. భార్య ఏడో నెలలో వచ్చి చేరింది. చిన్నపిల్ల నాన్నా అంటుంది. పెద్దవాడు ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉంటాడు, సెలవులకొచ్చినా తండ్రితో మాట్లాడడు. బాప్తిస్మం ఎనిమిదో నెలలో, సంఘంవాళ్ల మధ్యే, మైకు లేకుండా జరిగింది.

ఆ ఇద్దరు నెలకొకసారి ఆ ఇంటికి వెళుతూనే ఉన్నారు. పోయిన నెల ఆమె మంచినీళ్లు ఇస్తూ, "వాడి పిల్లోళ్లు బడికి పోతుండారా?" అని అడిగింది. పోతున్నారని చెప్పారు. ఆమె ఇంకేమీ అనలేదు. ఈ మాట తమ్ముడికి చెప్పలేదు, చెప్పమని ఆమె అనలేదు కాబట్టి.